చెంబెడు నీళ్ళ చుట్టరికం

పుదుచ్చేరి సెమినరీలో ఏడేళ్ళు చదివి చర్చి గురువుగా పట్టం పుచ్చుకోబోయే ప్రతివాడూ ఆఖరున ఒక కాగితం రాయాలి. పుస్తకంలోంచి ఎత్తిరాస్తే ఒప్పుకోరు. మన జనం బతుకులో కళ్ళారా చూసిన చిక్కుముడి ఒకటి తెచ్చి, చదివిన చదువంతా పెట్టి దాన్ని విప్పి చూపించాలి. ముగ్గురు గురువులు ఎదురుగా కూర్చుని వింటారు. అసలు పేర్లు చెప్పకూడదు. మగవాడైతే తిత్తూస్ అనీ, ఆడదైతే బెర్తా అనీ లాటిన్ పేర్లు పెట్టాలి. చదువూ బతుకూ ఒకదానితో ఒకటి కలిశాయా లేదా అని చూసే పరీక్ష అది. పెట్టినవాళ్ళు మంచివాళ్ళే. కాకపోతే పరీక్ష పెట్టేవాడికి రాసేవాడి ఇల్లు కనిపించదు.

1917లో ఆ కాగితం రాయాల్సినవాళ్ళు నలుగురు. ముగ్గురికి చిక్కుముళ్ళు దొరికాయి. దొరకనిదల్లా సవరినాథన్‌కే. చదువులో నలుగురిలోకీ మొదటివాడు. లాటిన్‌లో కల కంటాడని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఏ పాపం ఏ అధ్యాయంలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు గాని, ఆ పాపం చేసినవాణ్ణి ఒక్కణ్ణీ దగ్గరగా చూసి ఎరగడు. చెడ్డవాడు మాత్రం కాదు. చెడ్డవాడైతే ఈ కథే ఉండేది కాదు, ఎందుకంటే చెడ్డవాళ్ళకు శాస్త్రంతో పని పడదు. సెప్టెంబరులో రెండు వారాలు సెలవిచ్చారు. చిక్కుముడి వెతుక్కుంటూ అతను ముదలియార్‌పేటలో తన ఇంటికి వెళ్ళాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరు. తండ్రి చిన్నప్పన్ నీలిమందు తొట్ల దగ్గర గుడ్డలు ముంచే పనివాడు. ముప్ఫై ఏళ్ళుగా ముంచి ముంచి ఆయన చేతులు మోచేతుల దాకా నీలంగానే ఉంటాయి. ఎంత తోమినా పోవు. ఇక అన్నమ్మాళ్. సవరి ఆమెను అమ్మా అనే పిలుస్తాడు గాని కన్నతల్లి కాదు. కన్నతల్లి అతని కానుపులోనే పోయింది.

ఆ కానుపు కథ వీధిలో అందరికీ కంఠస్థం. పండగ వచ్చినా చుట్టాలొచ్చినా అన్నమ్మాళ్ దాన్ని చెప్పక మానదు. ఆమె జీవితంలో గొప్పగా చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే. తల్లి కొస ఊపిరితో ఉంది, బిడ్డ ఏడవలేదు, ఒళ్ళు నల్లబడుతోంది. మంత్రసాని తల్లిని వదిలి కదల్లేదు. గురువుగారు ఊళ్ళో లేరు. అప్పుడు పక్కింటి పిల్ల, పదిహేడేళ్ళ అన్నమ్మాళ్, ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి, చర్చిలో జపాలు నేర్పే ఉపదేశి చెప్పిన మాటలు అంటూ బిడ్డ నెత్తిన పోసింది. చావబోయే బిడ్డకు గురువు లేనప్పుడు ఎవరైనా సరే జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. ఇవ్వాలి కూడా. జ్ఞానస్నానం లేకుండా పోయిన బిడ్డకు మోక్షం లేదు, పవిత్రమైన మట్టిలో చోటూ లేదు. ఆ నీళ్ళ చల్లదనానికో దేవుడి దయకో బిడ్డ కేరుమన్నాడు. రెండేళ్ళు గడిచాక చిన్నప్పన్ ఆ పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. సవరి ఒక్కడే మిగిలాడు. అతన్ని ఆమె నేల మీద నడవనివ్వకుండా పెంచింది.

సెప్టెంబరు ఎనిమిదిన, మాత పుట్టినరోజు పండగనాడు, భోజనాలయ్యాక అన్నమ్మాళ్ ఆ కథ మళ్ళీ మొదలుపెట్టింది. సవరి అప్పటికి దాన్ని వందసార్లు విని ఉంటాడు. ఆ రోజు మాత్రం చదువుకున్న చెవులతో విన్నాడు. చుట్టాలు వెళ్ళిపోయే దాకా ఆగి, ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

“నీళ్ళు నువ్వే పోసినావా అమ్మా? మంత్రసాని కాదు కదా?”

“మంత్రసానా! ఆమెకు మీ అమ్మతోనే సరిపాయె. నేనే పోస్తి. ఇదో, ఈ చేత్తోనే.” అడిగాడన్న సంబరంతో ఆమె చెయ్యి చాచి చూపించింది.

“నీళ్ళు నెత్తికి తగిలినాయా? బట్ట మీద పడలేదు కదా?”

“తగలక యాడికి పోతాయి? కారి నా చీర కూడా తడిసిపాయె.”

“మాటలు అన్నీ చెప్పినావా?”

“ఒక్కటి గూడా ఇడవలా. పిత, సుత, పరిశుద్ధాత్మ నామాన. ఉపదేశి కొట్టి కొట్టి నేర్పిచ్చినాడు మాకు.”

“పెళ్ళికి ముందు ఈ సంగతి గురువుకు చెప్పినారా?”

“ఆయన అడగలా, మేం చెప్పలా. చెప్పేదానికి ఏముంది బిడ్డా, మంచి పనే కదా?”

అడిగినకొద్దీ పొంగిపోతూ చెప్పింది, పాపం. తన మెడకు తానే తాడు పేనుకుంటున్నానని ఆమెకేం తెలుసు? సవరి పుస్తకం తెచ్చాడు. తెలుగులోకి మార్చుకుంటూ మెల్లగా చదివాడు. బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చినవాళ్ళకు ఆ బిడ్డతోనూ, బిడ్డ తల్లిదండ్రులతోనూ జ్ఞానబంధుత్వం ఏర్పడుతుంది. ఆ బంధుత్వం ఉన్నవాళ్ళ మధ్య పెళ్ళి చెల్లదు. తెలిసి చేసుకున్నా చెల్లదు, తెలియక చేసుకున్నా చెల్లదు.

“అంటే ఏందిరా?” అన్నాడు చిన్నప్పన్. అప్పటిదాకా ఆయన గోడకు ఆనుకుని వక్క నములుతున్నాడు.

“మీ ఇద్దరికీ పెళ్ళి కాలేదు నాయనా. ఇరవై రెండేళ్ళుగా మీరు మొగుడూ పెళ్ళాం కాదు.”

“సర్కారోళ్ళ మేరీ కచ్చేరిలో దొర రాసిన పెళ్ళిళ్ళ పుస్తకంలో ఉంది కదరా!”

“అది ఫ్రెంచి సర్కారు పుస్తకం. దేవుడికి దాంతో పనిలేదు.”

చిన్నప్పన్ లేచి వెళ్ళి వక్క ఉమ్మేసి వచ్చాడు. ఆయన చదువుకున్నవాడు కాదు గాని, ఎంత రంగుకు ఎంత నీలిమందో గుక్కలో చెప్పగలవాడు. కూర్చుని అడిగాడు.

“నాకు తెలీకడగతా. ఆ పొద్దు ఈమె నిన్ను అట్నే వదిలేసుంటే, నువ్వు నీళ్ళు లేకుండా సచ్చిపోయుంటే, ఈ పొద్దు ఈమె నా పెండ్లామే. అంతేనా?”

సవరి ఆలోచించాడు. ప్రశ్న సరైనదే. పుస్తకం ప్రకారం దానికి జవాబూ ఒకటే.

“అంతే నాయనా.”

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. ఆ సామెత పుట్టిన ఇల్లు ఎక్కడో నాకు తెలియదు గాని, ఆ మధ్యాహ్నం అది ముదలియార్‌పేటలో కాపురం పెట్టింది. ఈ పొద్దు నుంచి ఇద్దరూ ఒక కప్పు కింద ఉండకూడదన్నాడు సవరి. పై నుంచి కాగితం వచ్చి సంగతి తేలేదాకా ఇద్దరూ పూజలో గురువు ఇచ్చే సత్ప్రసాదం తీసుకోకూడదన్నాడు. గొంతు పెంచలేదు, ఎవరినీ తిట్టలేదు. మందు చేదుగా ఉంటుందని బిడ్డకు చెప్పే వైద్యుడిలా ఎంతో ఓపిగ్గా చెప్పాడు. తాను గొప్ప మేలు చేస్తున్నానని నిజంగానే నమ్మాడు.

అన్నమ్మాళ్ ఎదురు చెప్పలేదు. ఆమెకు అర్థమైంది ఒకటే.

“సవరీ, ఆ ఇద్దరు బిడ్డలూ నిలవకుండా పొయ్యింది ఇందుకేనా?”

కాదు అనాలి. ఏ పుస్తకంలోనూ అలా రాసిలేదు. ఆ సంగతి అతనికి తెలుసు. కాని ఆమె కంగారుపడితేనే త్వరగా కదులుతుందనుకున్నాడేమో, లేక ఒక మెత్తటి మాట అనడం ఆ ఏడేళ్ళలో ఎవరూ నేర్పలేదో.

“దేవుడి సంగతి మనకేం తెలుసమ్మా” అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె ఒక చాప, రెండు చీరలు, ఆ ఇత్తడి చెంబూ తీసుకుని అక్కడివాళ్ళు కోయిల్ అనే చర్చి వెనకాల దిక్కులేని ముసలి ఆడవాళ్ళు ఉండే సత్రానికి వెళ్ళిపోయింది. ఆవరణ ఊడ్చిపెడితే అక్కడ రెండుపూటలా గంజి పోస్తారు. ఆ కోయిల్ చూసుకునే విచారణ గురువు ముసలాయన, చెవుడు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు కాబోలని ఊరుకున్నాడు. ఆదివారం పూజలో జనమంతా సత్ప్రసాదానికి లేచి వెళితే, అన్నమ్మాళ్ ఒక్కతే బల్ల దగ్గర తలవంచుకుని మిగిలిపోయింది. చిన్నప్పన్ కోయిల్‌కే రాలేదు. వీధికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఎవడితో అని కొందరు, ఎన్నాళ్ళుగా అని కొందరు గుసగుసలాడారు.

సవరినాథన్‌కు కాగితం దొరికింది.

అక్టోబరులో దాన్ని ముగ్గురు గురువుల ముందు చదివాడు. ఆ ముగ్గురిలో పెద్ద మొరెల్ సామి. ఫ్రాన్సులో ఏదో కొండ ఊరివాడు, ఈ గడ్డ మీద ముప్ఫై ఏళ్ళున్నవాడు. తిత్తూస్ అనే రంగులవాడు, బెర్తా అనే పొరుగు పిల్ల, చెంబులో నీళ్ళు, పెళ్ళి. కథ వింటుంటే ముసలాయన కళ్ళు మెరిశాయి.

“భలే ముడి పట్టుకొచ్చావోయ్! ఇప్పుడు చెప్పు. ఈ సంగతి నీకు తెలిసింది. తిత్తూస్‌కూ బెర్తాకూ తెలియదు. ముందు నువ్వేం చేస్తావు?”

“వాళ్ళను వేరు చేస్తాను సామీ. వెంటనే.”

“నువ్వు గురువ్వా, పోలీసువా?” మొరెల్ సామి బల్ల మీద చరిచాడు. “ముందు నోరు మూసుకో! వాళ్ళు ఏ పాపమూ ఎరగరు, మంచి మనసుతో కాపురం చేసుకుంటున్నారు. వాళ్ళను కదపకు. ఆ సాయంత్రమే మన పెద్ద బిషప్పుగారికి ఒక ఉత్తరం రాయి. ఈ అడ్డు తీసేసే అధికారం ఆయన చేతిలోనే ఉంది, రోముకు కూడా పోనక్కర్లేదు. వారం తిరక్కుండా జవాబొస్తుంది. అప్పుడు ఇద్దర్నీ లోపలి గదిలోకి పిలిచి, ఇద్దరు సాక్షుల ముందు ఇంకోసారి ‘సరే’ అనిపించు. పది నిమిషాల పని. ఇంటికి పోయి అన్నం తింటారు. శాస్త్రం మనుషుల్ని ఇంట్లోంచి తరమడానికి కాదు నాయనా, ఇంట్లో ఉంచడానికి.”

సవరి చేతిలోని కాగితం వైపు చూసుకున్నాడు. ఇంత పెద్ద చదువులో ఆ ఒక్క పేజీ తన కంట ఎలా పడలేదు? పడింది. పోయిన ఏడు చదివాడు, పరీక్షలో రాశాడు కూడా. ఇంటికి వెళ్ళినప్పుడు గుర్తుకు రాలేదు, అంతే.

“వీళ్ళు కాగితం మీది మనుషులే కదా?” మొరెల్ సామి నవ్వుతూనే అడిగాడు. “అసలు మనుషులైతే ఇప్పుడే చెప్పు. ఈ సాయంత్రమే ఉత్తరం నేనే రాసిస్తాను.”

తలుపు తెరిచి పెట్టినట్టే. ఒక్క మాట అంటే చాలు, వారంలో అన్నమ్మాళ్ తన పొయ్యి దగ్గర ఉంటుంది. కాని ఆ మాట అంటే తాను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. కిందటేడు ఒకడు పూజ మధ్యలో ఒక కల్లుగీత మనిషిని అందరి ముందూ అవమానించాడని అతని గురుపట్టం ఏడాది వెనక్కి నెట్టేశారు. సొంత ఇంటినే కూల్చిన వాణ్ణి ఎన్నేళ్ళు నెడతారు? పట్టానికి ఇక పది వారాలే ఉంది. ఇరవై రెండేళ్ళు ఆగిన సంగతి పది వారాలు ఆగలేదా? పట్టం కాగానే మొదటి ఉత్తరం అదే రాస్తాను అనుకున్నాడు.

“కాగితం మీది మనుషులే సామీ” అన్నాడు.

కాగితం దిద్ది మళ్ళీ చదివాడు. ఈసారి తిత్తూస్, బెర్తా ఒక్క రోజు కూడా విడిపోలేదు. ముగ్గురు గురువులూ మెచ్చుకున్నారు. ‘శాస్త్రాన్ని బతుకుతో కలిపి చూడగల మనసు’ అని పెద్ద పుస్తకంలో అతని పేరు పక్కన రాశారు. ఇప్పటికీ ఉండి ఉంటుంది, చెదలు పట్టకపోతే.

నవంబరులో ఒక ఆదివారం అన్నమ్మాళ్ సెమినరీ గేటు దగ్గరికి వచ్చింది. సత్రంలో ఎవరి పొయ్యి అడుక్కుందో, అరిసెలు చేసి మూట కట్టి తెచ్చింది. మనిషి సగమైంది.

“కాగితం వచ్చిందా సవరీ?”

“రోము నుంచి రావాలమ్మా. యుద్ధం కదా, ఓడలు సరిగ్గా రావడం లేదు.”

అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో చూసి అతనే ఆశ్చర్యపోయాడు. యుద్ధమూ ఓడలూ నిజమే. నిజాలతో కట్టిన అబద్ధం గట్టిగా నిలబడుతుంది.

“సరే, రానీ. అదిగాదు, నీ పట్టంనాడు చేతులకు కట్టే గుడ్డ ఉంటుందంటనే. దాన్ని అమ్మకిస్తారంట. నాకు చెల్లుతుందా బిడ్డా? లేకుంటే అది గూడా...” ఆమె మాట మధ్యలో ఆపేసింది.

పట్టం ఇచ్చేటప్పుడు బిషప్పు కొత్త గురువు అరచేతులకు పవిత్ర తైలం రాసి తెల్లటి నారగుడ్డతో కడతాడు. తర్వాత ఆ గుడ్డ తల్లికి ఇస్తారు. తల్లి పోయినప్పుడు దాన్ని ఆమె చేతిలో పెట్టి పాతిపెడతారు, దేవుడి ముందు నేను గురువు తల్లినని చూపించుకుంటుందట. సవరికి వేరే భయం పట్టుకుంది. పట్టంనాడు మొరెల్ సామి తల్లులందరినీ పేరుపేరునా పలకరిస్తాడు. ఎక్కడుంటారమ్మా, ఎట్లా ఉన్నారమ్మా అంటాడు. ఈమెకు దాచడం చేతకాదు.

“అమ్మా, నువ్వు ఆ పొద్దు రావద్దు.”

“రావద్దా?”

“సంగతి తేలలేదు కదా. నలుగురూ నాలుగు అడుగుతారు. నాకే చెడ్డపేరు.”

ఆమె మూట అతని చేతిలో పెట్టింది. కొంగు సర్దుకుంది.

“సరే సామీ” అంది.

అంతవరకు బిడ్డా అనో, సవరీ అనో తప్ప ఆమె అతన్ని ఇంకోలా పిలవలేదు. ఆ పిలుపు అతనికి తగిలింది. తగిలినా లోపలికి వెళ్ళి అరిసెలు తోటివాళ్ళకు పంచిపెట్టాడు.

డిసెంబరులో పట్టం అయింది. గుడ్డ చిన్నప్పన్ చేతుల్లో పెట్టారు. “ఇది నాది కాదురా” అని ఒక్క మాట అనేసి, ఆయన ఆ తెల్ల గుడ్డను నీలం చేతుల్లో మడిచి పట్టుకుని తిన్నగా సత్రానికి నడిచి వెళ్ళాడు. లోపలికి పోలేదు. పోకూడదు కదా. గుమ్మంలో పెట్టి వచ్చేశాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కన్నకొడుకంతటివాడు. కొత్త గురువును చెవిటి విచారణ గురువుకు సాయంగా ముదలియార్‌పేట కోయిల్‌కే వేశారు. సత్రం అతని కిటికీలోంచి కనిపిస్తుంది. ఉత్తరం రాయడానికి ఎన్నిసార్లు కూర్చున్నాడో! ప్రతిసారీ అదే చోట కలం ఆగింది. ఈ జంటకు సంగతి ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు అని బిషప్పు కచ్చేరి అడుగుతుంది. మొరెల్ సామి ఆ కాగితం మర్చిపోలేదు. ముగ్గురు గురువుల ముందు అబద్ధమాడి పట్టం పుచ్చుకున్నాడని తేలుతుంది. ఇంకో వారం చూద్దాం. పండగ పోనీ. ఉపవాస కాలం పోనీ. అన్నమ్మాళ్ నెలకోసారి చీపురు పట్టుకుని వచ్చి, “కాగితం వచ్చిందా సామీ?” అని అడిగేది. ఉపవాస కాలంలో అడగడం మానేసింది. మానేసినందుకు అతనికి హాయిగా కూడా అనిపించింది.

మే నెలలో, పద్నాలుగో తేదీ మంగళవారం, సెమినరీ నుంచి కబురు వచ్చింది. రోములో చర్చి చట్టమంతా తిరగరాసిన కొత్త పుస్తకం ఇన్నాళ్ళకు ఓడ దిగిందట, చూడాలనుకున్నవాళ్ళు రావచ్చట. పొద్దున్నే వెళ్ళాడు. పెళ్ళిళ్ళ అధ్యాయం తీశాడు. జ్ఞానబంధుత్వం పేరాలో కళ్ళు నిలబడిపోయాయి. జ్ఞానస్నానం ఇచ్చినవాళ్ళకు ఇక బిడ్డతోనే బంధుత్వం. తల్లిదండ్రులతో బంధుత్వం అన్న మాటే ఎగిరిపోయింది. కొత్త చట్టం వచ్చే ఆదివారం, పెంతెకోస్తు పండగ నుంచి అమలు. ఉత్తరం అక్కర్లేదు, బిషప్పు అక్కర్లేదు, మొరెల్ సామి అక్కర్లేదు! సోమవారం పొద్దున ఇద్దర్నీ పిలిచి మంత్రం చదివితే సరి. మూడుసార్లు చదువుకున్నాడు. తన తప్పును రోమే తుడిచేసిందని సవరినాథన్ కన్నీళ్ళు పెట్టుకుని దేవుడికి దండం పెట్టాడు. పుష్‌పుష్ బండి ఎక్కి, తోసేవాణ్ణి తొందరపెడుతూ, చెప్పబోయే మాటలు నోట్లో నానబెట్టుకుంటూ మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

గురువుల ఇంటి మెట్ల మీద అన్నమ్మాళ్ కూర్చుని ఉంది. రెండు చేతులా ఇత్తడి చెంబు పట్టుకుని ఉంది. అతన్ని చూసి లేచింది.

“యాడికి పోయినావు సామీ? పొద్దున్నుంచి కాసుకోనుండా.”

“ఏమైందమ్మా?”

“మన కన్నియమ్మాళ్‌కు కానుపాయ. మగబిడ్డ. ఏడవలా, ఊపిరి ఇట్లా ఇట్లా కొట్టుకుంటా ఉండె. పెద్ద సామి చూస్తే విల్లియనూరుకు పోయినాడంట. నీకోసరం వస్తి, నువ్వూ లేవు.”

కన్నియమ్మాళ్ సత్రం పక్క సందులో ఉండే పిల్ల. మొగుడు చిన్నప్పన్‌తో పాటు తొట్ల దగ్గర పనిచేస్తాడు. పెళ్ళయిన ఆరేళ్ళకు తొలి కానుపు.

“ఇప్పుడెలా ఉన్నాడు బిడ్డ?”

“పోయినాడు. పొద్దున్నే పోయినాడు.”

“నీళ్ళు పోసినావా?” అతని గొంతు పెరిగింది. “చెంబు చేతిలోనే ఉంది కదా! మాటలు నీకు వచ్చు కదా! పోసినావా?”

“మంత్రసాని గూడా పొయ్యి పొయ్యి అని అరిచింది. కన్నియమ్మాళ్ నా కాళ్ళు పట్టుకునింది. నేను పొయ్యలా సామీ.”

“ఎందుకు పోయలేదు?”

అన్నమ్మాళ్ అతని ముఖంలోకి చూసింది. ఆమె చూపులో కోపమేమీ లేదు. తెలిసిన పాఠం అప్పచెప్పే పిల్లలా నిదానంగా చెప్పింది.

“నేను పోస్తే ఆ బిడ్డ నాయనతో నాకు చుట్టరికం పడతాది కదా. కన్నియమ్మాళ్‌తో పడతాది. అది ఎవురి కాపురం ఎట్లా చెరుపుతుందో నాకేం తెలుసు? ఒకసారి పోసినందుకే మా ఇల్లు పాయ, నా బిడ్డలిద్దరూ పాయ. నువ్వే చెప్తివి కదా సామీ.”

సవరి పరుగెత్తాడు. ఏమైనా మిగిలి ఉంటుందేమోనని, కొన ఊపిరిలాంటిదేదైనా ఉంటుందేమోనని. ఆ ఇంట్లో చాప మీద బిడ్డ కొయ్యలా ఉన్నాడు. చల్లగా, గట్టిగా. చచ్చినవాడికి జ్ఞానస్నానం లేదు. అది కొత్త పుస్తకంలోనూ మారలేదు. మూలన పడుకున్న కన్నియమ్మాళ్ అతన్ని చూసి కూడా ఏడవలేదు. “చెంబు పట్టుకుని నిలబడి చూస్తా ఉండె సామీ ఆ ముండ” అని మాత్రం అంది. చెప్పాల్సింది ఉంది. ఆ తిట్టు పడాల్సింది ఎవరికో ఆమెకు చెప్పాలి. చెప్పలేదు.

పొద్దు వాలేముందు బిడ్డను శ్మశానం గోడకు అవతల, పల్లేరు ముళ్ళ నేలలో పాతిపెట్టారు. గోడకు ఇవతల పాతడానికి శాస్త్రం ఒప్పుకోదని చెప్పాల్సినవాడు సవరినాథనే, చెప్పాడు. చిన్నప్పన్ గుంత తవ్వాడు. బిడ్డ తండ్రి గుంత వైపు చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు. బిడ్డను గుంతలోకి దించేముందు చిన్నప్పన్ పైన చుట్టిన పాత చీరపేలిక కాస్త తొలగించి సర్దాడు. లోపల తెల్లటి నారగుడ్డ కనిపించింది. అక్కడక్కడా తైలం మరక. ఒక అంచున నీలం వేళ్ళ గుర్తులు. ఎవరు చుట్టారని అడగాల్సిన పనిలేదు. సవరి అరచేతులు మంటెత్తినట్టయ్యాయి. గోడకు ఇవతల చోటు దొరకని బిడ్డ గురువు గుడ్డ కట్టుకుని మట్టిలోకి వెళ్ళాడు.

అందరూ వెళ్ళిపోయాక అన్నమ్మాళ్ ఒక్కతే గోడ పక్కన మిగిలింది. చెంబు ఇంకా చేతిలోనే ఉంది. సవరి దగ్గరకు వెళ్ళాడు. పొద్దున్నుంచి నోట్లో నానబెట్టుకున్న మాటలు అవే బయటికొచ్చాయి. వేరే మాటలు అతని దగ్గర లేవు.

“అమ్మా, ఆ చట్టం పోయింది. ఆ చుట్టరికం ఇంక లేదు. నువ్వు ఇంటికి పోవచ్చు. సోమవారం నేనే మీ పెళ్ళి చదువుతాను.”

“పోయిందా? ఎప్పుడు?”

“వచ్చే ఆదివారం నుంచి.”

ఆమె వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుంది.

“ఈ పొద్దు మంగళవారం.”

“అవును.”

“అయితే ఈ పొద్దు ఉంది కదా ఆ చట్టం?”

“...ఉంది.”

“అట్లయితే నేను పొయ్యకపోవడం సరే కదా సామీ? ఈసారి తప్పు చెయ్యలా కదా?”

ఆమె ఎత్తిపొడవలేదు. ఒకవేళ ఎత్తిపొడిచి ఉంటే అతను బతికిపోయేవాడు. ఆమెకు నిజంగానే తెలియాలి. చావబోయే బిడ్డ ముందు ఏ చుట్టరికమూ లెక్కలోకి రాదని, ఆ నీళ్ళు ఎవరైనా పోసి తీరాలని, ఇరవై నాలుగేళ్ళ కిందట ఆమె చేసిందే సరైన పని అని, ఆ పొద్దుటి నుంచి ఈ పొద్దుటి దాకా తప్పు చేసింది ఆమె కాదని అతను చెప్పాలి. చెబితే ఈ బిడ్డ పాపం ఆమె నెత్తిన పడుతుంది. సరే అంటే అబద్ధం, కాదంటే హత్య. ఏడేళ్ళు చదివిన ఏ పేజీలోనూ మూడో మాట లేదు.

అన్నమ్మాళ్ కాసేపు ఎదురుచూసింది. తర్వాత చెంబు అతని చేతుల్లో పెట్టింది.

“నాకు ఇదింక వద్దు. నువ్వు చదువుకున్నోడివి, నీ దగ్గరే పెట్టుకో.”

ఇల్లున్న వీధి వైపు తిరగలేదు. సత్రం వైపే నడిచి వెళ్ళిపోయింది. సవరినాథన్ చెంబులోకి చూశాడు. పొద్దున ముంచిన నీళ్ళు ఒక్క చుక్క తొణక్కుండా అందులో అట్లాగే ఉన్నాయి.